బెజవాడ దారిలో బండి ఆపితే...

భోగికి రెండు రోజుల ముందు, ఇంకా తెల్లవారకముందే ఎల్బీనగర్‌ కూడలిలో నిలబడి చూస్తే హైదరాబాద్‌ సగం ఖాళీ అయిపోతోందా అనిపిస్తుంది. బస్సులూ కార్లూ సరే... వాటి సందుల్లోంచి వచ్చే బైకుల్ని చూడాలి! ముందు ట్యాంకు మీద మంకీక్యాపు తొడిగిన పిల్లాడు, వెనక కొంగు నడుముకు బిగించిన ఇల్లాలు, మధ్యలో ఇరుక్కున్న రెండో పిల్ల, హ్యాండిల్‌కు వేలాడే బట్టల సంచి. రైలు టిక్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. పండగ బస్సుల ధర నలుగురికి లెక్కేస్తే అత్తగారింటికి కొన్న చీర ఖరీదు దాటిపోతుంది. అందుకే బండి. ట్యాంకు నింపితే చాలు, ఇంటిముందు ఎక్కి ఇంటిముందు దిగొచ్చు.

ఇక్కణ్నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. చౌటుప్పల్‌, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ... ఊళ్ళ పేర్లు బస్సు కండక్టర్ల నోట పాటలా వినిపించే దారి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చాక ఇది 65 అయింది కానీ, పాతవాళ్ళకు ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డే. పుణె దగ్గర మొదలై మచిలీపట్నం దాకా పోయే ఈ రహదారిలో తెలుగువాళ్ళు ఎక్కువగా తిరిగేది ఈ ముక్కమీదే.

ఈ దారిమీద బండి తోలడం కష్టమేమీ కాదు. నాలుగు వరసల రోడ్డు, మధ్యలో డివైడరు, ఎదురుగా వచ్చే లారీ భయం లేదు. ఎడమ పక్కగా అరవై, డెబ్భైలో పోతుంటే హాయిగా ఉంటుంది. చిక్కంతా ఆగడంలో ఉంది. పిల్లలతో వెళ్ళే బండి విజయవాడ చేరేలోపు పది పన్నెండు చోట్లయినా ఆగుతుంది. సిగ్నల్‌ పడిందని, టోల్‌గేటు వచ్చిందని, టీ కోసమని, ఫోను మోగిందని, వాన పడుతోందని, చున్నీ చక్రంలో పడబోయిందని... ఆగిన ప్రతిసారీ వెనక ఒక కారో, లారీయో వస్తూనే ఉంటుంది. బండి ఆపిన మనిషి చూపు ముందుంటుంది. ముంచుకొచ్చేది వెనక నుంచి.

అదేమంత అరుదైన సంగతి కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు లక్షా 68 వేలమందికి పైనే. అందులో దాదాపు 75 వేలమంది ద్విచక్రవాహనాల మీద వెళ్ళినవాళ్ళు. కార్లూ లారీలూ అన్నీ కలిపి ప్రమాదాలు జరిగిన తీరు చూస్తే, అయిదింట ఒకటి వెనక నుంచి కొట్టినదే. కారుకైతే వెనక డిక్కీ ఉంది, సీటు ఉంది. బైకుకు వెనక ఉన్నది... భార్యో, తల్లో, తమ్ముడో! వెనక నుంచి వచ్చే దెబ్బ ముందు తగిలేది వాళ్ళకే.

సిగ్నల్‌ దగ్గర ముందుకొచ్చేది అందుకేనా?

ఎల్బీనగర్‌, వనస్థలిపురం, హయత్‌నగర్‌... ఊరు దాటేదాకా కూడళ్ళే. ఎర్ర లైటు పడగానే బైకులన్నీ కార్ల మధ్య సందుల్లోంచి పాక్కుంటూ వచ్చి ముందు వరసలో చేరతాయి. కార్లలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు. మన క్రమశిక్షణ ఇంతేనని నిట్టూరుస్తారు. అయితే ఇందులో ఓ మేలుంది. కార్ల వరసకు చివర నిలబడిన బైకుకు వెనకంతా ఖాళీ. వచ్చే కారు ఆగకపోతే ముందున్న కారుకూ దానికీ మధ్య నలిగిపోవాలి. రెండు కార్ల మధ్యకో, అన్నిటికీ ముందుకో వచ్చేస్తే వెనక ఓ ఇనప గోడ ఉన్నట్టే.

ఇది మనవాళ్ళ తెలివి మాత్రమే కాదు. మన పిల్లలు ఉద్యోగాలు చేసే కాలిఫోర్నియాలో మోటార్‌సైకిళ్ళు కార్ల వరసల మధ్యగా వెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది. 2016లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. అంతకు ముందు ఏడాది బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడ ప్రమాదాలకు గురైన దాదాపు ఆరువేలమంది మోటార్‌సైకిలిస్టుల వివరాలు పరిశీలించారు. వరసల మధ్యగా వెళుతూ ప్రమాదానికి గురైనవాళ్ళలో వెనక నుంచి దెబ్బ తిన్నవాళ్ళు 2.6 శాతం, మామూలుగా వరసలో వెళ్ళినవాళ్ళలో 4.6 శాతం. తైవాన్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. చాలా సిగ్నళ్ళ దగ్గర కార్లు ఆగే గీతకు ముందు, బైకులు నిలబడటానికే తెల్లరంగుతో గడి గీసి ఉంచారు.

అలాగని పరిగెడుతున్న లారీల మధ్య దూరడం వేరు, ఆగి ఉన్న కార్ల పక్కనుంచి నెమ్మదిగా ముందుకు రావడం వేరు. హయత్‌నగర్‌లో కుర్రకారు ఈ రెంటికీ తేడా చూడరు. అదే బాధ.

పెద్దఅంబర్‌పేట దగ్గర ఓ మలుపుంది. రోడ్డుకు కాదు, ప్రయాణానికి. ఔటర్‌ రింగు రోడ్డు అక్కడ వచ్చి కలుస్తుంది. ఔటర్‌ మీదకు ద్విచక్రవాహనాల్ని రానివ్వరు. కార్లకు 2023 నుంచి 120 దాకా అనుమతి ఉంది. అంత వేగంతో అరగంట వచ్చిన కారాయనకు విజయవాడ రోడ్డు మీద 80 కూడా నత్తనడకలాగే అనిపిస్తుంది. కన్ను వేగానికి అలవాటు పడిపోతుంది మరి. బైకు మాట పూర్తిగా మరిచిపోయి ఉంటాడు కూడా, అరగంటగా ఒక్కటీ కనబడలేదు కదా! అక్కణ్నుంచి అబ్దుల్లాపూర్‌మెట్‌, రామోజీ ఫిల్మ్‌సిటీ దాటేదాకా అనుభవమున్న బైకువాళ్ళు అనవసరంగా ఆగరు. టీ తాగాలనిపించినా ఇంకో పది కిలోమీటర్లు ఓర్చుకుంటారు.

అయిదు పిచ్‌ల దూరం

లెక్క వేసి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దూసుకొస్తుంది. ముందు బండి ఆగుతోందని కంటికి కనబడి, బుర్రకు ఎక్కి, కాలు బ్రేకు మీదకు వెళ్ళడానికి సెకనున్నర పడుతుందనుకుందాం. ఈలోపే 42 మీటర్లు అయిపోయాయి. ఇక బ్రేకు గట్టిగా తొక్కాక పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం మీద వంద మీటర్లకు దగ్గర. అయిదు క్రికెట్‌ పిచ్‌లు వరసగా పరిస్తే ఎంతో అంత! ఇది కారు సంగతి. సిమెంటు బస్తాలు నింపుకొని వచ్చే లారీకి ఈ దూరం ఎక్కడ సరిపోతుంది?

2019 ఏప్రిల్‌ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్ళన్నిటికీ యాంటీలాక్‌ బ్రేకులు తప్పనిసరి. చక్రం బిగుసుకుపోకుండా, జారకుండా బండి టక్కున ఆగుతుంది. మంచిదే. కానీ వెనకొచ్చే లారీ టక్కున ఆగదు! అందుకే బండికి ఎంత మంచి బ్రేకులున్నా, వెనకవాడి బ్రేకుల్ని బట్టే ఆగాలి.

బైకు వెడల్పు చూస్తే మీటరు లోపే. ముందు వెళ్ళే లారీ దగ్గరవుతుంటే కారు అద్దం నిండిపోతుంది. బైకు దగ్గరవుతున్నా చాలాసేపు చిన్న చుక్కలాగే ఉంటుంది. బాగా దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా పెద్దదవుతుంది. రాత్రిపూట మరీ మోసం. కారుకు రెండు ఎర్ర దీపాలు, వాటి మధ్య ఎడం చూసి దూరం ఊహించొచ్చు. బైకుకు ఒక్కటే దీపం. అది దగ్గరున్న బైకో, దూరాన ఉన్న మరేదో తేల్చుకోవడం కష్టం.

పాతకాలపు బళ్ళలో వెనక బల్బు మీద 12 వోల్టులు, 21/5 వాట్లని రాసి ఉంటుంది. మామూలుగా వెలిగేది 5 వాట్లు, బ్రేకు తొక్కితే 21. ఆ తేడాయే వెనకవాడికి బండి చెప్పే మాట. అయితే గేరు తగ్గించి, యాక్సిలరేటరు వదిలేసి నెమ్మదించే అలవాటు చాలామందికి ఉంటుంది. ఇంజను పట్టేసి బండి వేగం తగ్గిపోతుంది, దీపం మాత్రం వెలగదు. మాట రాకుండానే పని జరిగిపోయిందన్నమాట! తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే... ఆగాలనుకున్న చోటుకు చాలా ముందే, వేగం తగ్గేంత కాకుండా బ్రేకు లీవర్ని రెండు మూడుసార్లు తేలిగ్గా నొక్కి వదులుతారు. ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. నిలకడగా వెలిగే దీపాన్ని చూడని కన్ను కూడా మిణుకుమనేదాన్ని చూస్తుంది.

దీనికి తోడు సూర్యుడు. హైదరాబాద్‌ నుంచి విజయవాడ ఆగ్నేయంగా ఉంది. పొద్దున బయల్దేరితే ఎండ ఎదురుగా కొడుతుంది. సంక్రాంతి రోజుల్లో అయితే సరిగ్గా కళ్ళలోకే. సాయంత్రం తిరుగు ప్రయాణంలో పడమటి పొద్దు మళ్ళీ ఎదురే! వెనక వచ్చే కారాయనకు ముందున్న బైకు నల్లటి నీడ తప్ప ఏమీ కాదు. బ్రేకు దీపం వెలిగిందో లేదో ఆ వెలుగులో తెలియదు. అలాంటప్పుడు దీపాన్ని నమ్ముకోవడం కంటే ఎడమకు జరిగిపోవడమే మేలు.

మల్కాపురం, చౌటుప్పల్‌ మధ్య

ఈ రోడ్డు పక్క పల్లెలవాళ్ళకు ఇది జాతీయ రహదారి కాదు, ఊరి బాటే. పొద్దున్నే పాలక్యాన్లు కట్టిన బళ్ళు, పచ్చగడ్డి మోపులేసుకున్న టీవీఎస్‌ ఎక్సెల్‌లు రోడ్డెక్కుతాయి. గడ్డిమోపు వెనక చక్రం మీదకు వేలాడుతుంటే దీపమూ కనబడదు, నంబరు ప్లేటూ కనబడదు. కదిలే గడ్డివాము! ఆ బండి కుడివైపున్న పొలానికి వెళ్ళాలంటే డివైడరు తెగిన చోట తిరగాలి.

ఈ దారి మొత్తంలో ఆగడానికి అన్నిటికంటే చెడ్డ చోటు అదే. ఎదుటి వైపు వాహనాలు ఖాళీ ఇచ్చేదాకా డివైడరు పక్కనే నిలబడాలి. అంటే, వేగంగా పోయేవాళ్ళ కోసం ఉన్న కుడి వరసలో కదలకుండా నిలబడాలి! ముందున్న కారు వెనకే వస్తున్న ఇంకో కారుకు బైకు ఆగి ఉందన్న సంగతే తెలియదు. ముందు కారు చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటుంది. రెండోదానికి తప్పుకునే టైముండదు.

చుట్టుపక్కల ఊళ్ళలో ఏళ్ళ తరబడి తిరిగిన పెద్దమనుషులు ఇలా చెయ్యరు. చూసి నేర్చుకోవాల్సిన పని అది. కుడికి తిరగాల్సి ఉన్నా ముందు ఎడమకు వస్తారు. రోడ్డు దిగి మట్టిలో ఆగుతారు. బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పుకొని, వచ్చేవాటిని కళ్ళారా చూస్తారు. రెండు వరసలూ ఖాళీ అయ్యాకే ఒక్క ఊపున దాటి, డివైడరు సందులోకి పూర్తిగా వెళ్ళి ఆగుతారు. రెండు నిమిషాలు ఆలస్యం, అంతే. చౌటుప్పల్‌, పెదకాపర్తి, చిట్యాల లాంటి ప్రమాద కూడళ్ళలో వంతెనలూ అండర్‌పాస్‌ల పనులు 2024లో మొదలుపెట్టారు. అవి వచ్చిన చోట ఈ బాధ తప్పుతుంది. కట్టేటప్పుడు మాత్రం దారి మళ్ళింపులూ, ఇరుకు రోడ్లూ, అనుకోని చోట ఆగిపోయే వరసలూ... కొత్త బాధ.

టోల్‌గేటు ముందు తోక

చౌటుప్పల్‌ దాటగానే పంతంగి టోల్‌ప్లాజా. పండగలప్పుడు టీవీల్లో కనబడేది ఇదే. జాతీయ రహదారుల మీద బైకులకు టోల్‌ లేదు కాబట్టి ఎడమ చివరి సందులోంచి వెళ్ళిపోవచ్చు. కార్లకు 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్‌ తప్పనిసరి అయినా, సంక్రాంతి ముందు వరస కిలోమీటర్ల కొద్దీ సాగుతుంది.

ప్రమాదం గేటు దగ్గర లేదు, ఆ వరస తోక దగ్గర ఉంది. గేటు ఇంకా కనబడకుండానే ముందున్న కార్లు ఆగిపోతాయి. వెనకొచ్చేవాడు మాత్రం వందలోనే ఉంటాడు. ఆ తోకలో ఆఖరున నిలబడింది బైకయితే? పోలీసులకు శిక్షణ ఇచ్చే చోటైనా, బుల్లెట్ల మీద లడఖ్‌ వెళ్ళొచ్చే కుర్రాళ్ళ బృందాల్లోనైనా చెప్పేది ఒకటే. ముందు కారుకు సరిగ్గా నడుమ ఆగకూడదు. దాని ఎడమ చక్రానికి తిన్నగా, అంటే వరసకు కాస్త పక్కగా ఆగాలి. ముందు చక్రానికీ కారుకూ మధ్య బండి తిప్పుకునేంత జాగా ఉంచాలి. గేరు మొదటిదానిలోనే ఉంచి క్లచ్చి పట్టుకొని, చూపు అద్దంలో పెట్టాలి. వెనక ఒకటో రెండో వాహనాలు పూర్తిగా ఆగాకే న్యూట్రల్‌ చేసి చేతులు దులుపుకోవాలి. అప్పటిదాకా బండి ఆగిందన్నమాటే గానీ, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నట్టే లెక్క. అద్దంలో దూసుకొచ్చేది కనబడితే క్లచ్చి వదిలి కారు పక్క సందులోకి వెళ్ళిపోవడమే.

అద్దమంటే గుర్తొచ్చింది. కొత్త బండి కొనగానే అద్దాలు రెండూ విప్పి అటక మీద దాచే కుర్రాళ్ళు ఎంతమంది లేరు! ఉన్న అద్దాల్లోనూ సగం జుట్టు దువ్వుకోవడానికి తిప్పినవే. సరిగ్గా పెట్టిన అద్దంలో తన భుజం అంచు కొద్దిగా, మిగతా అంతా వెనక రోడ్డు కనబడాలి.

టీ దగ్గర మర్యాద

చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గరకొచ్చేసరికి పొద్దెక్కుతుంది. చెర్వుగట్టు రామలింగేశ్వరస్వామికి మొక్కుకునేవాళ్ళూ, నల్గొండ వైపు వెళ్ళేవాళ్ళూ ఇక్కడే కుడికి తిరుగుతారు. రోడ్డుకు రెండువైపులా హోటళ్ళు, ఇడ్లీబండ్లు, మొక్కజొన్న పొత్తులు. అల్లం వేసిన టీ వాసన హెల్మెట్‌లోకి దూరుతుంది. అంతే... చెయ్యి తనంతట తానే బ్రేకు నొక్కేస్తుంది!

టీకొట్ల వాళ్ళే ఈ విషయంలో అసలైన గురువులు. రోడ్డంచున తెల్లగీత మీద బండి ఆపితే లోపల్నుంచి కేకేస్తారు. ‘అన్నా, బండి ఇంకింత లోపల్కి పెట్టరాదే’ అని. అది బేరం కోసం కాదు. తెల్లగీత దాటి ఉన్న తారు ముక్కను చాలామంది ఆగడానికే అనుకుంటారు. నిద్రమత్తులో ఉన్న లారీ ముందుగా ఒరిగేది దానిమీదకే. ఆగదలిస్తే తారు మొత్తం దిగి, పది పన్నెండు అడుగులు లోపలికి వెళ్ళాలి. తారుకూ మట్టికీ మధ్య అంచు ఎత్తుగా ఉంటే దిగేటప్పుడు బండి ఒరుగుతుంది కాబట్టి, వేగం తగ్గించుకొని దిగడానికి వీలైన చోటు ముందే చూసుకోవాలి. పెట్రోలు బంకు అన్నిటికంటే మేలు. లోపలికి దారి ఉంటుంది, వెలుగుంటుంది, పిల్లలకు నీళ్ళూ బాత్రూమూ ఉంటాయి.

ఇక ఫోను. ఒకప్పుడు ఊరు చేరాకే కబురు. ఇప్పుడు ప్రతి అరగంటకూ అత్తగారికి ‘ఎక్కడిదాకా వచ్చారు’ అన్న సందేహం. జేబులో ఫోను అదరగానే ఉన్నచోటే కాలు కింద పెట్టేసేవాళ్ళు కోకొల్లలు. రోడ్డు మీద కాలు పెట్టి, తల వంచి, ఒక చేత్తో హెల్మెట్‌ తీస్తూ... ఆ పది సెకన్లు ఆ మనిషికి వెనక ప్రపంచమే లేదు. కొన్ని ఇళ్ళలో మంచి ఏర్పాటు ఉంది. ఫోను వెనక కూర్చున్న ఆవిడ దగ్గర ఉంటుంది. మాట్లాడేది ఆవిడే, దారి చూసి చెప్పేదీ ఆవిడే.

వెనక కూర్చున్నవాళ్ళకు ఇంకో పనీ ఉంది. పాత పద్ధతి చేతి సైగలు గుర్తున్నాయా? కుడిచెయ్యి చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే ‘నెమ్మదిస్తున్నా’ అని. ముంజేయి నిటారుగా పైకెత్తితే ‘ఆగుతున్నా’ అని. లైసెన్సు పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయేవి ఇవే. బండి నడిపేవాడి కుడిచెయ్యి యాక్సిలరేటరు, ముందు బ్రేకుల మీద ఉంటుంది. దాన్ని తీసి ఊపుతూ ఆగడం కుదిరే పని కాదు. వెనకున్న మనిషి చెయ్యి ఖాళీయే! ‘ఆపుతున్నాను, చెయ్యి ఊపు’ అంటే చాలు. పైగా రంగుచీర కట్టిన చెయ్యి ఆడుతుంటే ఎంత దూరాన్నుంచైనా కనబడుతుంది.

హెల్మెట్‌ మాట చెప్పక తప్పదు. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ అది ఉండాలని చట్టం. అంతకంటే చిన్నవాళ్ళను తీసుకెళితే హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్ళకు కట్టి ఉంచే బెల్టు ఉండాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన. ఆ లెక్కన ట్యాంకు మీద మంకీక్యాపుతో నిద్రపోయే పిల్లాడికి ఈ రోడ్డు మీద పనేలేదు. కానీ ఇంటికి ఒకే హెల్మెట్‌, అదీ నాన్న తలమీద! దెబ్బ ముందు తగిలేది వెనకవాళ్ళకని తెలిసీ.

వానొస్తే వంతెన కింద

కొర్లపహాడ్‌ టోల్‌ దాటితే మూసీ. హైదరాబాద్‌లో ముక్కు మూసుకునే నదే ఇక్కడ వరి పండిస్తుంది. ఆ తర్వాత సూర్యాపేట. భోజనాలకు బస్సులాగే ఊరు. దాన్ని దాటగానే దురాజ్‌పల్లి. రోడ్డు పక్కనే పెద్దగట్టు మీద లింగమంతులస్వామి. రెండేళ్ళకోసారి జాతర జరిగినప్పుడు ‘ఓ లింగా’ కేకలతో గట్టు మారుమోగిపోతుంది. ఆ రోజుల్లో జాతీయ రహదారి వాహనాలనే వేరే దారికి మళ్ళిస్తుంటారు. జాతీయ రహదారి ఓ దేవుడికి దారి వదలడం చూడాలంటే అక్కడికే వెళ్ళాలి.

మునగాల, కోదాడ వైపు సాగర్‌ ఎడమ కాలువ కింది పొలాలు మొదలవుతాయి. జనవరిలో తెల్లవారుజామున ఇక్కడ మంచు దట్టంగా కమ్ముతుంది. జూన్‌, జులైల్లో ఉన్నట్టుండి జల్లులు. వాన మొదలైందంటే బైకులన్నీ దగ్గర్లో ఉన్న వంతెన కిందికి చేరతాయి. ముందొచ్చినవాళ్ళు గోడవారకు, తర్వాతవాళ్ళు వాళ్ళ పక్కన, ఆఖరున వచ్చినవాళ్ళు రోడ్డు మీదకే! వాన అద్దం మీద కొడుతుండగా, వంతెన నీడలోకి ఒక్కసారిగా వచ్చిన కారాయనకు చీకట్లో నిలబడ్డ ఈ జనం కనబడతారా? మలేసియాలో ఈ సంగతి ఎప్పుడో గ్రహించారు. అక్కడి పెద్ద రహదారుల్లో వంతెనల కింద బైకువాళ్ళు వానకు ఆగడానికే రోడ్డుకు పక్కగా విడిగా చోటు కట్టారు. మన దగ్గర అది లేదు కాబట్టి రెయిన్‌కోటు సంచిలో పైనే ఉండాలి. ముప్పై రూపాయల ప్లాస్టిక్‌ పట్టా అయినా సరే. వంతెన కింద ఇరుక్కునే అవసరం తీరుతుంది.

కోదాడలో మెకానిక్‌ షాపులు రోడ్డు వెంటే ఉంటాయి. పంక్చరు వేయించుకునే పది నిమిషాల్లో చేసుకోగల పని ఒకటుంది. షట్టరు నీడలోనో, గోడ ముందో బండి వెనక్కి తిప్పి పెట్టి ముందు బ్రేకు ఒక్కటే నొక్కితే గోడమీద ఎరుపు పెరగాలి. తర్వాత వెనక బ్రేకు ఒక్కటే తొక్కి చూడాలి. రెండిటికీ వేరువేరు స్విచ్చులు. ఒకటి పాడైనా రెండోది పనిచేస్తుంది కాబట్టి నెలల తరబడి ఎవరికీ తెలియదు. ముందు బ్రేకు మాత్రమే వాడే అలవాటున్నవాడి బండిలో ఆ స్విచ్చే పోయి ఉంటే... దీపం లేకుండానే ఆగుతూ తిరుగుతున్నట్టు! స్విచ్చి ఖరీదు రెండు ప్లేట్ల బిర్యానీ కంటే తక్కువే. సంచులు కట్టేటప్పుడు దీపానికి అడ్డం రాకుండా చూసుకోవడానికి అసలు ఖర్చే లేదు.

పాలేరు దాటితే

రామాపురం క్రాస్‌రోడ్డు తర్వాత పాలేరు వంతెన దాటితే గరికపాడు, ఆంధ్రప్రదేశ్‌. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో వరద ఈ వంతెన దగ్గర రోడ్డును కోసేసింది. అంతకు ముందు ఏడాది జులైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద రహదారి మీదకే వచ్చింది. రెండుసార్లూ రెండు రాష్ట్రాల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. రోడ్డంతా పార్కింగు స్థలమైపోయినప్పుడు వెనకొచ్చేదాని భయం లేదు. బైకువాళ్ళు దిగి, కారువాళ్ళతో కలిసి వరదను చూస్తూ నిలబడ్డారు.

చిల్లకల్లు టోల్‌, నందిగామ, కీసర, కంచికచర్ల... ఇక్కడ యాస మారుతుంది, మాట మాత్రం అదే. ‘ఏవండీ, బండి కాస్త లోపలికి పెట్టుకోండి, లారీలు తిరుగుతున్నాయి’ అంటుంది జామకాయల బుట్ట ముందు కూర్చున్న ముసలమ్మ. పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామి దూరాన్నుంచే కనబడతాడు. చెయ్యెత్తి దణ్ణం పెట్టుకోవడానికి నడిరోడ్డు మీదే వేగం తగ్గించేవాళ్ళుంటారు. అంత పెద్ద దేవుడు, ఎడమకు దిగి ఆగాక పెట్టుకున్నా కనబడతాడు.

ఇబ్రహీంపట్నం వచ్చేసరికి కృష్ణమ్మ గాలి తగులుతుంది. రోడ్డు మళ్ళీ ఊరి రోడ్డయిపోతుంది. ఆటోలు, సిటీ బస్సులు, మళ్ళీ సిగ్నళ్ళు, మళ్ళీ కార్ల సందుల్లోంచి ముందుకు పాకే బైకులు. గొల్లపూడి దగ్గర పెట్రోలు బంకులో ఓ పక్కగా మూడు నాలుగు బళ్ళు తెలంగాణ నంబర్లతో స్టాండు వేసి ఉంటాయి. పిల్లలు ఒళ్ళు విరుచుకుంటుంటారు. నాన్న హెల్మెట్‌ అద్దానికి తగిలించి, వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని సంచి తాళ్ళు సరిచేస్తుంటాడు. అమ్మ ఫోనులో చెబుతూ ఉంటుంది. ‘గొల్లపూడి వచ్చేశామమ్మా... పావుగంటలో ఇంట్లో ఉంటాం. అట్లు పొయ్యి మీద వేసెయ్‌!’